అప్‌డేట్: ఆన్ చేశాక పావుగంట కదలని ల్యాప్‌టాప్ - కారణం దొరికింది

ఆన్ చేశాక పావుగంట దాకా ఏదీ తెరుచుకోవడం లేదని, డిస్క్ 100 శాతం చూపిస్తోందని ఇక్కడ అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర రిపేర్లు చేసే అబ్బాయికి చూపించాను. టాస్క్ మేనేజర్ (ఏ ప్రోగ్రామ్ ఎంత భారం వేస్తోందో చూపించేది) తెరవగానే పట్టేశాడు: రెండు యాంటీవైరస్‌లు. ఒకటి కొన్నప్పుడే వచ్చిన ట్రయల్, ఇంకోటి తర్వాత షాపువాళ్లు వేసింది. ఏ ఫైల్ తెరిచినా రెండూ దాన్ని తనిఖీ చేస్తాయి. అసలే పాత హార్డ్ డిస్క్, ఇక దానికి తెరిపి ఎక్కడ? మామూలు అన్‌ఇన్‌స్టాల్‌తో ట్రయల్ పూర్తిగా పోలేదు, ఆ కంపెనీ సైట్‌లోని రిమూవల్ టూల్‌తో తీశాడు. రెండోదీ తీయించేశాను. వేరే యాంటీవైరస్ లేకపోతే విండోస్‌లోని డిఫెండర్ తనంతట తానే ఆన్ అవుతుంది.

స్టార్టప్ యాప్స్ (ఆన్ చేయగానే వాటంతట అవే మొదలయ్యేవి) ఆపమన్న మీ సలహా కూడా పనిచేసింది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో స్టార్టప్‌లో ఎక్కువ భారం వేసేవి, అంటే 'హై' అని ఉన్నవి చూడండి. మాకు ప్రింటర్ అప్‌డేటర్, మీటింగ్ యాప్, గేమ్ లాంచర్ (మావాడి పుణ్యం) కనిపించాయి. డిసేబుల్ చేస్తే యాప్ పోదు, కావలసినప్పుడు తెరుచుకోవచ్చు. టచ్‌ప్యాడ్, సౌండ్‌కి సంబంధించిన వాటి జోలికి మాత్రం వెళ్లలేదు.

ఇక మిగతా అనుమానాలు: ర్యామ్ సమస్య కాదు, 8 జీబీలో సగం ఖాళీగానే ఉంది. వైరస్ లేదు. లో వోల్టేజీకి అసలు సంబంధమే లేదు.

ఇప్పుడు రెండు నిమిషాల్లోపే బ్రౌజర్ వస్తోంది. పాత హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ (అంతకంటే వేగమైన డిస్క్) వేస్తే ఇంకా తేడా ఉంటుందన్నాడు, పైడితల్లమ్మ పండగ అయ్యాక చూస్తాను.