‘ర’ మీద తలకట్టా, గుడా? నన్నయ గారి చివరి పద్యం

లంకగట్టు:
అందరికీ నమస్కారమండి. మా లైబ్రరీ గోడ మీద బొమ్మ వేయిస్తున్నాం. వెన్నెల, కాలువ, కలువలు, వెనకాల కొబ్బరిచెట్లు. కింద నన్నయ గారి శారదరాత్రుల పద్యం రాయించాలి. నాకు నోటికొచ్చినంత ఇది:

శారదరాత్రు లుజ్జ్వలలసత్తరతారకహారపంక్తులం
జారుతరంబు లయ్యె వికసన్నవకైరవగంధబంధురో
దారసమీరసౌరభము దాల్చి సుధాంశువికీర్ణమాన క
ర్పూరపరాగపాండురుచిపూరము...

అక్కడ ఆగిపోయాను. ‘లంబరపూరితంబులై’ అని నాలిక మీద ఆడుతోంది. ‘లంబరిపూరితంబులై’ అంటున్నారు మరొకరు. ఇంకో సంగతి, ఆర్టిస్టు కలువలన్నీ ఎర్రగా వేసేశాడు. కైరవం అంటే ఏ కలువైనా ఫరవాలేదా? శనివారం అక్షరాలు మొదలెడతాడు.

పాతసంచిక:
‘పూరములం బరిపూరితంబులై’. భారతం అరణ్యపర్వం, నాలుగో ఆశ్వాసం, 142వ పద్యం. ఇందులో చర్చించడానికి ఏముంది?

గౌతమిగాలి:
చాలా ఉంది. ఛందస్సు మీ పక్షాన లేదు, అది మొదట ఒప్పుకోండి. ర్పూరప, రాగపాం, డురుచి, పూరము, లంబర, పూరితం, బులై. అయిదో గణం భగణం. ఆ చోట ‘ర’ ఉన్నా ‘రి’ ఉన్నా లఘువే. యతి ‘పూ’ దగ్గర అయిపోయింది, ప్రాస రెండో అక్షరంతో సరి. అంటే ఈ ఒక్క అక్షరాన్ని కాపలా కాసేవాడెవడూ లేడు.

తెలుగుమేష్టారు:
వ్యాకరణం కాస్తోంది. మొదటి పాదం చివర చూడండి: పంక్తులన్ + చారుతరంబులు, పంక్తులం జారుతరంబులు. నాలుగో పాదంలోనూ అదే పని జరిగింది: పూరములన్ + పరిపూరితంబులై, పూరములం బరిపూరితంబులై. రెండూ తృతీయార్థంలో, అంటే ‘తో’ అనే అర్థంలో వాడినవే. చుక్కల హారాలతో అందమైనవీ రాత్రులే, వెన్నెల వెల్లువలతో నిండినవీ రాత్రులే. ఎత్తుగడకీ ముగింపుకీ జోడీ కుదిరింది.

‘అంబర’ పెడితే పూరములు ప్రథమావిభక్తి అవుతుంది. ‘ఐ’ అన్న క్త్వార్థానికి, అంటే అసమాపక క్రియకి, కర్త వెన్నెల వెల్లువలు, ‘అయ్యె’కి కర్త రాత్రులు. ఆకాశం నిండినవి ‘కాగా’ అనాల్సిన చోట ‘ఐ’ అంటాడా వాగనుశాసనుడు నన్నయ?

గౌతమిగాలి:
అనడనే నా నమ్మకమూను. అయినా జనం నోట ‘అంబరం’ ఎందుకు నిలిచిందో ఆలోచించండి. తాటాకు మీద గంటంతో గీసేటప్పుడు తలకట్టుకీ గుడికీ తేడా ఒక మెలిక. ఆ మెలిక విచ్చుకుంటే తలకట్టు, మూసుకుంటే గుడి. పదాల మధ్య ఖాళీ వదలడం ఎలాగూ లేదు. ‘పూరములంబ’ దాకా వచ్చాక వెన్నెల పద్యంలో ఎవడికైనా తట్టేది అంబరమే. రాయసగాడు చదివింది రాయలేదు, అనుకున్నది రాశాడు.

బొమ్మలబడి:
అనుకున్నదే అందంగా ఉంది మరి! అంబరం అంటే ఆకాశమే ఎందుకవ్వాలి, వస్త్రం కాకూడదా? పద్యమంతా ఆడపిల్ల అలంకరణండి. మెడలో తారకహారం. ఒంటికి కలువల పరిమళం, ‘దాల్చి’ అన్నాడు, ఊరికే అన్నాడా? తర్వాత కర్పూరపు పొడి. ఇన్ని పెట్టి చీర కట్టకుండా వదిలేస్తాడా? కాళిదాసు ఋతుసంహారంలో శరత్తుని ‘కాశాంశుకా’ అన్నాడు, రెల్లుపూల చీర కట్టినది అని. నన్నయ వెన్నెల చీర కట్టాడు.

తెలుగుమేష్టారు:
చీర ‘పూరితం’ అవదండీ. కడతారు, చుడతారు, కప్పుతారు. నింపరు. ‘అంబరావృత’ అని ఉంటే మీ వెంట నడిచేవాణ్ణి.

బొమ్మలబడి:
నడవకపోయినా గోడ మీద వెన్నెలకి రంగు చెప్పనివ్వండి. పాండు అంటే సున్నం తెలుపు కాదు, పసుపు జాడ ఉన్న తెలుపు. తెల్ల ఎమల్షన్‌లో పసుపు స్టెయినర్ రెండు మూడు చుక్కలకి మించకూడదు. ఎక్కువైతే వెన్నెల కాదు, ఎండ అవుతుంది. నీలం అసలు కలపొద్దు. మనవాళ్లు వెన్నెల అనగానే నీలం డబ్బా మూత తీస్తారు.

చేపలచెరువు:
కలువ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కైరవం తెల్లకలువే. అమరకోశంలో ‘సితే కుముదకైరవే’ అని ఉంది, దానికి తిరుగులేదు. ఎర్రకలువా రాత్రే పూస్తుంది కాబట్టి వేళ తప్పలేదు, రంగు తప్పింది. నల్లకలువ వేసి ఉంటే వేళే తప్పేది, అది పగటి పువ్వు.

ఆర్టిస్టుకి ఇవి చెప్పండి. పారే కాలువ మధ్యలో కలువ ఉండదు. దాని దుంప బురదలో పాతుకోవాలి, ఆకు కదలని నీటి మీద పరుచుకోవాలి. బోదెలో, మడుగులో, చెరువు ఓరన, మోకాటి లోతు నుంచి మొల లోతు దాకా వేసుకోవచ్చు. ఆకు నీళ్ల మీదే తేలుతుంది, కాడ దగ్గర దాకా చీలిక ఉంటుంది, తెల్లకలువ ఆకు అంచుకి రంపపు పళ్లుంటాయి. ఆకు గొడుగులా నీటి పైకి లేచి, చీలిక లేకుండా గుండ్రంగా ఉంటే అది తామర. పువ్వు నడుమ దుద్దు వేసినా తామరే. సగం గోడల మీద కలువ పేరుతో ఉన్నవి తామరలు.

మొగ్గ పొద్దు గుంకాక విచ్చుకోవడం మొదలెట్టి రాత్రంతా తెరుచుకుని ఉంటుంది. మర్నాడు పొద్దెక్కాక ముడుచుకుంటుంది. అదే పువ్వు మూడు నాలుగు రాత్రులు తెరుస్తుంది, తర్వాత కాడ మెలితిరిగి నీట మునిగి, కాయ లోపలే ముదురుతుంది. చంద్రుడు వచ్చాడా లేదా అని అది చూడదు. అమావాస్యనాడూ పూస్తుంది.

పాతసంచిక:
చంద్రుడొస్తేనే కలువ పూస్తుందన్న కవిసమయాన్ని నీళ్లలో ముంచేశారు.

చేపలచెరువు:
ముంచలేదు, బతికించాను. నన్నయ గారు చంద్రుడి వల్ల కలువ పూసిందని అనలేదు. కలువ ముందొచ్చింది, చంద్రుడు తర్వాత వచ్చాడు. వరస చూడండి.

పంచాంగం:
ఆ వరసే నేనూ చెప్పబోతున్నాను. ముందు చుక్కలు, అవీ ‘ఉజ్జ్వలలసత్తర’ చుక్కలు. తర్వాత కలువగాలి. ఆ తర్వాత సుధాంశుడు. ఇది పౌర్ణమి రాత్రి ఎలా అవుతుంది? పున్నమినాడు సూర్యుడు ఇటు దిగుతుంటే చంద్రుడు అటు లేస్తాడు. చుక్కలకి వంతే రాదు, బాగా పెద్దవి తప్ప మిగతావి వెలవెలబోతాయి. చంద్రోదయం రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి పోతుంది. బహుళ తదియకి పొద్దుగూకాక రెండు గంటలు అటూ ఇటూ చీకటి దొరుకుతుంది. అంతసేపూ చుక్కల రాజ్యం. ఈలోగా కలువ తెరుచుకుంటుంది. అప్పుడొస్తాడు చంద్రుడు.

ఆశ్వయుజ బహుళ తదియ అంటే ఏమిటో గోదావరి జిల్లాల్లో చెప్పక్కర్లేదు. అట్లతద్ది! చంద్రుడు ఎప్పుడొస్తాడా అని ఉపవాసంతో తూర్పుకేసి చూసే రాత్రి. ఈ పద్యం అట్లతద్ది రాత్రిది.

గౌతమిగాలి:
ఏవండోయ్, నన్నయ గారి చేత అట్లు కూడా పోయించేలా ఉన్నారు.

తెలుగుమేష్టారు:
పంచాంగం గారూ, ‘రాత్రులు’ బహువచనం. శుక్లపక్షం, కృష్ణపక్షం కలిపి ఋతువునంతా చెబుతున్నాడు. ఒక తిథికి కట్టేస్తే ఎలాగ? కానీ చుక్కలకీ వెన్నెలకీ పొత్తు ఎలా కుదిరిందన్న మీ ప్రశ్న మాత్రం మంచిది.

పంచాంగం:
ఒప్పుకున్నాను, బహువచనమే. తదియ నుంచి పంచమి దాకా మూడు రాత్రులు తీసుకోండి. బహువచనానికి చాలవూ?

ఎర్రనీరు:
అందరూ ‘బరి’ దగ్గర కొట్టుకుంటున్నారు. దాని ముందున్న ‘పూరము’ని ఎవరూ చూడలేదు. పూరమంటే వరద. శ్రావణ భాద్రపదాల్లో గోదావరికి ఎర్రనీరు వస్తుంది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చిన మట్టంతా అందులో ఉంటుంది. బిందెలో ముంచితే అడుగున బురద పేరుతుంది. ఆశ్వయుజం దాటేసరికి నీళ్లు తేటపడతాయి, లంకల్లో రెల్లు తెల్లగా పూస్తుంది. రాజమహేంద్రవరంలో కూచుని రాసిన కవికి ఎర్ర వరద తీశాక వచ్చిన తెల్ల వరదలా కనిపించింది వెన్నెల. అందుకే కాంతి అని ఊరుకోక ‘రుచిపూరములు’ అన్నాడు. వరదొస్తే మునిగేది నేల. కాబట్టి పరిపూరితం, అంటే నాలుగు పక్కలా నిండటం. అంబరానికి వరదేమిటి?

బొమ్మలబడి:
ఎర్రనీరు అన్నారుగా, ఇక పులస గురించి మొదలెట్టకండి.

ఎర్రనీరు:
మొదలెట్టను. పద్యంలో చేప లేదు.

గౌతమిగాలి:
మీ వరద సిద్ధాంతం బాగుంది గానీ, పూరం అనేది సంస్కృత కవులంతా కాంతికి, కన్నీళ్లకి, దేనికి పడితే దానికి వాడారు. వాళ్లంతా గోదావరి చూసే వాడారా?

లంకగట్టు గారూ, మీ బొమ్మలో కాలువకి లాకు కూడా వేయించారా? డెల్టా కాలువలు ధవళేశ్వరం ఆనకట్ట తర్వాతవి, అంటే 1852 ఇటువైపువి. నన్నయ గారి పద్యం పైన లాకు పెట్టకండి.

లంకగట్టు:
లాకు ఉందండి. పడవ కూడా ఉంది. పడవ ఉండొచ్చు కదా?

పాతసంచిక:
పడవ ఉండొచ్చు. ‘రి’కి ఇంకో సాక్షి చెబుతాను. అరణ్యపర్వ శేషాన్ని ఎఱ్ఱన ఎత్తుకున్న తీరు చూడండి: ‘స్ఫురదరుణాంశురాగరుచిఁ బొంపిరివోయి నిరస్తనీరదావరణములై...’ అక్కడ ‘ఆవరణములై’ ఎవరికి అన్వయిస్తుంది? చివరి పాదంలోని వాసరముఖంబులకి. నన్నయ గారి ‘పూరితంబులై’ శారదరాత్రులకి అన్వయించినట్టే. ఆయన రాత్రి దగ్గర ఆపాడు, ఈయన తెల్లవారు దగ్గర అందుకున్నాడు. ఆయనది కలువ, ఈయనది కమలం. ఆయనది ఉత్పలమాల, ఈయనది చంపకమాల. అంటే మొదటి గురువుని రెండు లఘువులుగా విడగొట్టి అదే నడక. ఇంత దగ్గరగా అనుసరించినవాడు అన్వయం కూడా అలాగే చదివి ఉంటాడు.

తెలుగుమేష్టారు:
ఆహా, ‘దళత్కమలవైభవజృంభణ ముల్లసిల్ల నుద్ధురతరహంససారసమధువ్రతనిస్వనముల్ చెలంగగా’! నన్నయ రాత్రిలో చప్పుడే లేదు గమనించారా? చుక్కలు, వాసన, గాలి, వెన్నెల. ఎఱ్ఱన రాగానే హంసలు, బెగ్గురులు, తుమ్మెదలు, ఒకటే రొద. రాత్రి మాట్లాడనిది పగలు మాట్లాడింది. శంభుదాసుడి, అదే ఎఱ్ఱన గారి వర్ణనలో ఎప్పుడూ చెవికి పని ఉంటుంది.

గౌతమిగాలి:
చెవికి పని మాట నిజమే. కానీ సాక్ష్యంగా చెల్లదు. నన్నయది పదకొండో శతాబ్దం, ఎఱ్ఱనది పధ్నాలుగు. ఆయన చేతికొచ్చిన ప్రతిలో తలకట్టు ఉందో గుడి ఉందో మీకెలా తెలుసు?

పాతసంచిక:
ప్రతిలో తలకట్టే ఉన్నా, చదివినవాడు ఎఱ్ఱన. దిద్దుకునే చదువుతాడు.

చేపలచెరువు:
‘గంధబంధుర’ అన్నాక మళ్లీ ‘సౌరభము’ ఏమిటి? వాసనకి వాసనా? పైగా తెల్లకలువది ఘాటు వాసన కాదు.

తెలుగుమేష్టారు:
గంధబంధురం గాలికి విశేషణం. ఆ గాలి తాలూకు సౌరభం రాత్రులు దాల్చాయి. పువ్వు నుంచి గాలికి, గాలి నుంచి రాత్రికి. మూడు చేతులు మారింది కాబట్టే ఘాటుగా లేదు.

చేపలచెరువు:
ఇది మాత్రం బాగా చెప్పారు.

అక్షరాలకుంచె:
గోడ కొలత ఎవరూ అడగలేదు. 12 అడుగుల గోడ అనుకుందాం. అటూ ఇటూ ఆరేసి అంగుళాలు వదిలితే 132 అంగుళాలు మిగులుతుంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, ఒక్కోదానికి ఆరున్నర అంగుళాల చోటు. పాదాల మధ్య ఖాళీ అక్షరం ఎత్తుకి తక్కువ ఉండకూడదు. మొదటి పాదంలో ‘జ్జ్వ’ ఉంది, దాని కింద రెండు వత్తులు వేలాడతాయి. చోటు లేకపోతే వకారపు వత్తు వెళ్లి కింది పాదంలో అక్షరం నెత్తిన కూచుంటుంది.

మూడో పాదం చివర ‘క’ ఒంటరిగా ఉందని ఆర్టిస్టు దాన్ని కిందికి లాగి ‘కర్పూర’ అని కలిపేస్తాడు, అందరూ చేసే పనే అది. కలపనివ్వకండి. శార, జారు, దార, ర్పూర: రెండో అక్షరం రేఫ, అంటే ‘ర’, వరసగా నిలువునా కనబడాలి. ‘క’ దిగితే ప్రాస చెడుతుంది, యతి కూడా ఒక గడి పక్కకి జరుగుతుంది. చివర చిన్న గీత పెట్టించండి, చాలు.

సుద్దతో ముందు రాయించి, దూరం నుంచి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. రంగు పడ్డాక గుడి పెట్టడం తేలికే గానీ తీయడం కష్టం.

లంకగట్టు:
సరేనండి. అయితే గుడి ఖాయమేనా? ఎర్రకలువల మీద తెలుపు వేయిస్తాను. లాకు తీయించమంటారా?

బొమ్మలబడి:
ఎరుపు మీద నేరుగా తెలుపు వేస్తే గులాబీ రంగు తేలుతుంది. ముందు ప్రైమర్ ఒక పూత వేయించి, ఆరాక వేయించండి. గుడి సంగతి మేష్టారిది. నేనైతే చీరే కడతాను.

పంచాంగం:
చంద్రుణ్ణి నడినెత్తిన వేయించకండి. తూర్పున, కొబ్బరిమట్టల ఎత్తులో ఉండాలి. నిండు గుండ్రం కూడా వద్దు, ఓ అంచున కాస్త తరుగు ఉండాలి. తదియ చంద్రుడు.

తెలుగుమేష్టారు:
తదియ ఖాయమని ఎవరన్నారు?

అక్షరాలకుంచె:
ఇంతసేపు ‘ర’ మీద గుడి వెతికాం. పైన లంకగట్టు గారు రాసిన మూడో పాదం ఎవరైనా చదివారా? ‘సుధాంశువికీర్ణమాన’ అని ఉంది. వికీర్ణం అంటేనే వెదజల్లబడినది. దానికి మళ్లీ ‘మాన’ అతకదు. ‘వికీర్యమాణ’ అని ఉండాలి, యకారపు వత్తు, చివర ణ. అక్కడా గణాలు సరిపోయాయి కాబట్టే ఎవరి కంటికీ ఆనలేదు.

లంకగట్టు:
ఆ కాగితం ఆర్టిస్టుకి నిన్ననే ఇచ్చేశానండి.