‘ఎదురు మాట్లాడాడు’ అంటే ఏ నేరం? మన వైపు మాట మీద ఒక చర్చ

జిల్లా పేజీ తిరగేస్తే తరచూ కనబడే వాక్యం ఇది: ‘వాహన తనిఖీల్లో పోలీసులకు ఎదురు మాట్లాడి, దురుసుగా ప్రవర్తించి, విధులకు ఆటంకం కలిగించిన యువకుడిపై కేసు నమోదు.’ ఇందులో మూడు ముక్కలున్నాయి. ఒకే తప్పుకు మూడు పేర్లన్నట్టు చదువుకుంటూ పోతాం. చట్టంలో మొదటి రెండూ వాటంతటవే నేరాలు కావు, మూడోదే నేరం. మూడిటినీ కలిపి రాయగా రాయగా, ఎదురు మాట్లాడటమే ఆటంకం అనే అర్థం మన తెలుగులో స్థిరపడిపోయింది. నాకు దీని మీద చాలా రోజులుగా బాధ ఉంది. గ్రూపులో అందరి అభిప్రాయం కావాలి.

ముందు ‘ఎదురు’ సంగతి చూద్దాం. పెళ్లివారికి పానకం బిందెలతో చేసేది ఎదురుకోలు. పెద్దవాళ్లు ఊళ్లోకి వస్తుంటే ఎదురెళ్లి తీసుకొస్తాం. ముత్తైదువ ఎదురొస్తే మంచి శకునం. ఎదురు చూడటంలో ఎంత ప్రేమ ఉందో చెప్పక్కర్లేదు. అంటే ఈ మాటకి మూలార్థం ‘ముఖాముఖి’ అంతే. దాని పక్కన ‘మాట్లాడు’ చేరగానే తప్పయిపోతుంది. పిల్లవాడు తండ్రికి, కోడలు అత్తకి, పాలేరు కామందుకి, జనం పోలీసుకి ఎదురు మాట్లాడారంటాం. తండ్రి కొడుక్కి ఎదురు మాట్లాడాడని ఎవరైనా అంటారా? కింద ఉన్నాడనుకున్నవాడు పైవాడి మొహం చూసి జవాబు చెప్పడం అనేదే దీని అసలు అర్థం. ఏం చెప్పాడన్నది ఈ మాటలో ఎక్కడా లేదు.

మన గోదావరి డెల్టాలో దీనికి ఇంకో మెలిక ఉంది, అదే ‘అండీ’. కోనసీమలోనైనా, భీమవరం, నరసాపురం వైపైనా వాక్యం చివర అండీ లేకపోతే చెవికి ఏదో వెలితిగా ఉంటుంది. ‘ఎందుకండీ?’ అంటే ప్రశ్న. ‘ఎందుకు?’ అంటే పొగరు. బయటి జిల్లాల నుంచి వచ్చినవాళ్లు మామూలుగా అడిగినా మనకు గద్దించినట్టుంటుంది.

ఈమధ్య మా వైపు ఒక కాలువ లాకుల దగ్గర చూసింది చెబుతాను. అరటి గెలలు కట్టిన మోపెడ్ మీద ఒక కుర్రాడు వస్తున్నాడు. కానిస్టేబుల్ చెయ్యెత్తగానే ఆగాడు. గెలల బరువుకి బండి ఒరిగిపోకుండా ఒక కాలు నేలకి తన్నిపెట్టి, ‘ఎందుకు ఆపారు?’ అన్నాడు. గొంతు పెంచలేదు, చూపు మాత్రం దించలేదు. ‘ఏంట్రా, ఎదురు మాట్లాడుతున్నావ్? నోరు లేస్తోందే!’ అని జవాబు వచ్చింది. కుర్రాడు ఫోన్ తీసి, కాగితాలు దాచుకునే ప్రభుత్వ యాప్ డిజీలాకర్‌లో లైసెన్సు, ఆర్సీ చూపించాడు. ‘కాగితం చూపించు’ అన్నారు. ‘ఫోన్లో ఉన్నా చెల్లుతుంది’ అన్నాడు. అతను చెప్పింది నిజమే. 2018లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 139వ నిబంధన మార్చి, ఎలక్ట్రానిక్ రూపంలో చూపించినా సరిపోతుందన్నారు. కానీ తాళం చెవి అప్పటికే కానిస్టేబుల్ చేతిలో ఉంది. అంతలో వెనక కారులోంచి ఒక పెద్దమనిషి దిగి, ‘ఎందుకండీ ఆపారు?’ అన్నాడు. ‘రొటీన్ చెకింగ్ సార్, వెళ్లండి’ అన్నారు. అడిగింది ఇద్దరూ అదే ప్రశ్న. కుర్రాడు గంటకు పైగా ఎండలో నిలబడ్డాడు, గెలలు వాడిపోయాయి. తేడా ‘అండీ’ ఒక్కటే అని నేననను. కారు, చొక్కా, వయసు, కులం అన్నీ అందులో ఉన్నాయి. కానీ వాడి తప్పేంటని పక్కవాళ్లని అడిగితే ‘ఎదురు మాట్లాడేడండి’ అన్నారు. కుర్రాడి పక్షాన ఉన్నవాళ్లు కూడా ఆ మాటే అన్నారు.

అమలాపురం వైపు సభ్యురాలి జవాబు:
మీరు అండీ గురించి చెప్పారు, మరి మన వెటకారం మాటేమిటండీ? మా చిన్నాన్నగారిని హెల్మెట్ ఏదని అడిగితే, ‘ఇంట్లో పడుకుందండి, నిద్ర చెడగొట్టడం ఎందుకని లేపలేదండి’ అన్నారు. వాక్యంలో రెండు అండీలు ఉన్నాయి, చేతులు కట్టుకుని మరీ అన్నారు. పక్క జిల్లా నుంచి కొత్తగా వచ్చిన ఎస్సైకి అది అర్థం కాలేదు. పక్కనున్న లోకల్ హోంగార్డు మాత్రం నవ్వు ఆపుకోలేక తల తిప్పేసుకున్నాడు. జరిమానా కట్టి వచ్చేశారనుకోండి.

నా జవాబు:
అమ్మా, మీరు సరైన చోట పట్టుకున్నారు. అండీలు పెట్టి ఎగతాళి చెయ్యొచ్చు, అండీ లేకుండా నిజాయితీగా ప్రశ్న అడగొచ్చు. మర్యాద ప్రత్యయం వేరు, మర్యాద వేరు. హెల్మెట్ పెట్టుకోకపోవడం తప్పు, దానికి జరిమానా ఉంది, కట్టారు. వెటకారానికి జరిమానా లేదు. మీ చిన్నాన్నగారి విషయంలో ఆ రెండూ విడివిడిగా ఉన్నాయి. అన్ని చోట్లా అలా ఉండాలన్నదే నా వాదన.

చట్టం ఏమంటుందో కూడా ఇక్కడే రాస్తాను. రాజ్యాంగం 19(1)(ఎ) మాట్లాడే హక్కు ఇచ్చింది. 19(2) దానికి హద్దులు చెప్పింది: దేశ సమగ్రత, భద్రత, విదేశాలతో స్నేహం, శాంతిభద్రతలు, సభ్యత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి ఉసిగొల్పడం. ఈ జాబితాలో కోర్టు ధిక్కారం ఉంది చూడండి, ‘పోలీసు ధిక్కారం’ లేదు. అమెరికాలో వాడుక భాషలో అచ్చం ఇలాంటి పేరే ఉంది, ‘కంటెంప్ట్ ఆఫ్ కాప్’ అని. కోర్టు ధిక్కారం అనే మాటని కాస్త మార్చి, పోలీసుకి కోపం తెప్పించినందుకు చేసే అరెస్టులకి ఆ పేరు పెట్టారు. అక్కడ హ్యూస్టన్ నగరంలో, విధుల్లో ఉన్న పోలీసుకి అడ్డు తగలడమే నేరమని ఒక స్థానిక చట్టం ఉండేది. పోలీసులు తన స్నేహితుణ్ణి నిలదీస్తుంటే, ‘నీకు దీటైనవాడితో పెట్టుకోవచ్చుగా’ అని అరిచిన ఒకాయన్ని దాని కిందే అరెస్టు చేశారు. 1987లో వాళ్ల సుప్రీంకోర్టు, మాటలతో పోలీసుని ఎదిరించే స్వేచ్ఛ ఉండటమే స్వతంత్ర దేశానికీ పోలీసు రాజ్యానికీ ఉన్న ముఖ్యమైన తేడాల్లో ఒకటని చెప్పి ఆ చట్టాన్ని కొట్టేసింది.

మన దగ్గర కూడా తీర్పులున్నాయి. బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలో ఒక ఇన్‌స్పెక్టర్ తీరు మీద ఒక జంట ఘాటుగా రాస్తే, విధుల్లో ఉన్న ఉద్యోగి మీద బలప్రయోగం చేశారనే సెక్షన్, బెదిరింపు సెక్షన్ పెట్టారు. 2015లో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. వ్యాఖ్య రాయడం బలప్రయోగం ఎలా అవుతుందన్నదే అక్కడ ప్రశ్న. అప్పటి భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 353వ సెక్షనే ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 132. దానికి దాడి గానీ బలప్రయోగం గానీ ఉండాలి. నాలుక బలప్రయోగంలోకి రాదు.

పోలీసు శాఖలో పనిచేసి రిటైరైన సభ్యుడి జవాబు:
నేను హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. అందరూ ఒక వైపే చెబుతున్నారు కాబట్టి రాస్తున్నాను. కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం డ్యూటీ చేశాను. గంగలకుర్రు ఊరి ప్రభలు, అంటే భుజాల మీద మోసే ఎత్తైన అలంకార కట్టడాలు, కౌశిక నది దాటేటప్పుడు చూసినవాళ్లకి తెలుస్తుంది. నీళ్లలో అంత బరువు భుజాల మీద ఉంటుంది, గట్టు మీద జనం తొక్కుకుంటుంటారు. అక్కడ ‘వెనక్కి జరగండి’ అంటే ఒకడు ‘నువ్వెవడివి చెప్పడానికి’ అంటాడు. చుట్టూ ఉన్న వందమందీ నా మొహం వంక చూస్తారు. అక్కడ నేను తగ్గితే ఇక ఎవడూ వినడు. ప్రభ ఒరిగితే ప్రాణాలు పోతాయి. ఒంటి మీద ఖాకీకి విలువ లేకపోతే చేతిలో లాఠీ ఒక్కటే మిగులుతుంది, అది ఎవరికీ మంచిది కాదు. ఇంకో విషయం ఒప్పుకుంటాను. ఆ గట్టు మీద అలవాటైన గొంతే లాకుల దగ్గర మోపెడ్ ఆపినప్పుడూ వచ్చేస్తుంది. ట్రైనింగులో సెక్షన్లు చెబుతారు, పరేడ్ చేయిస్తారు. ఎదురు మాట పడి ఊరుకోవడం మాకెవరూ నేర్పలేదు. స్టేషన్లో పైఅధికారి దగ్గర మేం రోజూ పడేది వేరే సంగతి.

నా జవాబు:
మీరు రాసినందుకు ధన్యవాదాలండి. గట్టు మీద మీ పరిస్థితిని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. మీ ఉదాహరణలో రెండు వేర్వేరు పనులున్నాయి, వాటికి తెలుగులో రెండు వేర్వేరు మాటలూ ఉన్నాయి. ‘నువ్వెవడివి’ అనడం ఎదురు మాట. వెనక్కి జరగకపోవడం మాట లెక్కచేయకపోవడం. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ బదులు అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 172వ సెక్షన్ రెండో దాని గురించే చెబుతుంది. నేరాలు జరక్కుండా ఆపడానికి పోలీసు ఇచ్చే న్యాయమైన ఆదేశాన్ని పాటించాలి. ఎదిరించినా, నిరాకరించినా, పట్టించుకోకపోయినా ఆ మనిషిని అక్కడి నుంచి తప్పించవచ్చు, అదుపులోకి తీసుకోవచ్చు. మెజిస్ట్రేటు ముందు పెట్టాలి, చిన్న విషయమైతే 24 గంటల్లోపు వదిలేయాలి. కాబట్టి ‘నువ్వెవడివి’ అంటూనే వెనక్కి జరిగినవాడితో మీకు పని లేదు. ‘చిత్తమండి, చిత్తమండి’ అంటూ అక్కడే నిలబడ్డవాడు మీ పనికి నిజమైన ఆటంకం. మర్యాదస్తుడు కదా అని వాణ్ణి వదిలేసి, నోరు చేసుకున్నవాణ్ణి జీపెక్కిస్తేనే చిక్కు.

వకీలు వృత్తిలో ఉన్న సభ్యుడి జవాబు:
ఒక హెచ్చరిక. ఈ పోస్టు చదివి కుర్రాళ్లు రెచ్చిపోకూడదు. బహిరంగంగా బూతులు తిడితే న్యాయ సంహితలో 296వ సెక్షన్ ఉంది. చెయ్యి వేస్తే 132 ఉంది, బెయిలు కష్టం. బెదిరిస్తే వేరే సెక్షన్. లైసెన్సు అడిగితే చూపించి తీరాలి, చూపించకపోతే మోటారు వాహనాల చట్టం ఊరుకోదు. మాటతో మొదలై చేతల్లోకి వెళ్లిన కేసులే నా దగ్గరికి ఎక్కువ వస్తాయి. వీడియో తీయడం గురించి అడుగుతుంటారు. పోలీస్ స్టేషన్ అధికార రహస్యాల చట్టంలో చెప్పిన నిషిద్ధ స్థలం కాదని 2022లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి చెప్పింది. అయినా గొడవ మధ్యలో ఫోను మొహం మీదకి తోయకండి.

నా జవాబు:
నూటికి నూరుపాళ్లు నిజం. నోరు పారేసుకోవడం వీరత్వమని నేనూ అనడం లేదు. మా ఇంట్లో పిల్లలకి నేను నేర్పేది కూడా అండీయే.

కానీ మర్యాద ఒక వైపు నుంచే రావాలంటే ఎలా? 2021లో కేరళ హైకోర్టు, పోలీసులు జనాన్ని ‘ఎడా’, ‘ఎడీ’, ‘నీ’ అని పిలవకూడదని గట్టిగా చెప్పింది. అక్కడి డీజీపీ సర్క్యులర్ కూడా ఇచ్చారు. మన లెక్కలో అవి ఒరే, ఒసే, నువ్వు. ఒక న్యాయస్థానం సర్వనామాల మీద, సంబోధనల మీద ఆదేశం ఇచ్చిందంటే భాష మీద చర్చించుకునే మనలాంటివాళ్లు ఎంత శ్రద్ధగా చదవాలి! పెద్దవాణ్ణి పట్టుకుని ‘ఏరా’ అనే హక్కు ఏ సెక్షన్ ఇచ్చిందో నాకు ఇప్పటిదాకా ఎవరూ చూపించలేదు.

కాకినాడ సభ్యుడి జవాబు:
మా ఊళ్లో 1907లో జరిగింది గుర్తొచ్చిందండి. వందేమాతరం అన్నందుకు కెంప్ అనే తెల్ల డాక్టరు ఒక కుర్రాణ్ణి చితకబాదాడు. ఆ రాత్రి జనం యూరోపియన్ క్లబ్బు మీద పడ్డారు. అదే ఏడాది రాజమండ్రిలో వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నందుకు ట్రైనింగ్ కాలేజీ నుంచి గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని వెళ్లగొట్టారు. అప్పట్లో ఆ మాటే ఎదురు మాట.

నా జవాబు:
ఇది నాకు తట్టలేదండి, చాలా మంచి ఉదాహరణ. కెంప్ పోలీసు కాకపోయినా, ఆయనకి ఆ మాటలో అర్థం కన్నా తనని లెక్కచేయకపోవడమే వినబడింది.

ఇంకో మాట కూడా ఈ చర్చలోకి తేవాలనుంది, ‘తమదైన శైలిలో’. ‘పోలీసులు తమదైన శైలిలో విచారించగా’ అని ఎన్నేళ్లుగా చదువుతున్నాం! కొట్టారని రాయడానికి ధైర్యం లేక పుట్టిన ముక్క ఇది. ‘లాఠీలకు పని చెప్పారు’ కూడా ఆ కోవలోదే. ‘స్టేషన్లో మర్యాదలు చేశారు’ అని మనమే నవ్వుకుంటూ అంటాం. పౌరుడి వైపు జరిగిన చిన్నదాన్ని ‘దురుసు’, ‘ఆటంకం’ అని పెంచి, అధికారి వైపు జరిగిన పెద్దదాన్ని ‘శైలి’, ‘మర్యాద’ అని తగ్గించే భాష ఇది. వీటిని నేను రాయడం మానేశాను, ఎవరైనా రాస్తే అడుగుతున్నాను కూడా.

విలేకరిగా పనిచేసే సభ్యుడి జవాబు:
మా తప్పు ఉంది, కాదనను. స్టేషన్ నుంచి ప్రెస్ నోట్ వాట్సాప్‌లో వస్తుంది. డెస్కుకి పంపే టైము దగ్గర పడుతుంది. అందులో ఏముంటే అదే వెళ్లిపోతుంది. కుర్రాడి ఇంటికి వెళ్లి అడిగే తీరిక మండల విలేకరికి ఉండదండి. రేపు మళ్లీ అదే స్టేషన్‌కి వెళ్లాలి కదా.

నా జవాబు:
మీ ఇబ్బంది నాకు తెలుసండి. ఇంటికి వెళ్లమని అడగను. రెండే చిన్న మార్పులు చేయండి. ‘దురుసుగా’ అనే చోట అతను అన్న మాట తెలిస్తే ఆ మాటే రాయండి: ‘ఎందుకు ఆపారని అడిగాడు’. తెలియకపోతే చివర ‘అని పోలీసులు తెలిపారు’ చేర్చండి. ఒక పార్లమెంటు సభ్యుడు పోస్టు చేసిన కవిత మీద గుజరాత్‌లో పెట్టిన కేసుని 2025 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేస్తూ పోలీసులకి చెప్పింది కూడా ఇంచుమించు ఇదే: కేసు పెట్టే ముందు అసలు ఆ మాటలు చదవండి, చూడండి, అని.

గ్రూపులో ఎవరి దగ్గరైనా పాత ఎఫ్ఐఆర్ కాపీలు ఉంటే, పేర్లు కొట్టేసి, ‘ఎదురు’, ‘దురుసు’, ‘ఆటంకం’ వచ్చిన వాక్యాలు మాత్రం ఇక్కడ పెట్టండి. స్టేషన్ రైటర్లు రాసే తెలుగుకి ఒక ప్రత్యేకమైన అచ్చు ఉంది, అది ఎప్పటి నుంచి ఇలా ఉందో పక్కపక్కన పెట్టి చూద్దాం.