“హౌస్ అరెస్టు” అని సరదాకి అనొచ్చా?

బెంజి సర్కిల్ వాసి:
మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకావిడ “జేఈఈ అయ్యేదాకా మావాడు హౌస్ అరెస్టు” అని పెట్టింది. రిటైర్డ్ లెక్చరర్ గారొకరు “అరెస్టంటే నవ్వులాట కాదమ్మా, ఆ మాటని పలచన చెయ్యకండి” అన్నారు. గ్రూపు రెండుగా చీలింది. మీరేమంటారు?

పటమట కుర్రాడు:
మాస్టారికి తోచట్లేదేమో. జ్వరమొచ్చి మంచమెక్కినా అదే అంటాం. ఎవడైనా పోలీసులొచ్చారనుకుంటాడా?

గుంటూరు ప్లీడరు:
ఆ తల్లినొదిలేయండి, ఆవిడ మాట అందరికీ అర్థమైంది. నా గొడవ టీవీలతో. “ఛలో” అని ఎవరు పిలుపిచ్చినా తెల్లారేసరికి నాయకుల గుమ్మం ముందు పోలీసులు, కింద స్క్రోలింగులో “హౌస్ అరెస్టు”. 2017 జులైలో కిర్లంపూడిలో ముద్రగడ పద్మనాభం, 2019 సెప్టెంబరు 11న ఉండవల్లిలో చంద్రబాబు. 2022 ఫిబ్రవరిలో పీఆర్సీ (జీతాల సవరణ) మీద ప్రభుత్వ ఉద్యోగులు బయల్దేరినప్పుడూ అంతే. ప్రభుత్వాలు మారాయి గానీ పద్ధతి మారలేదు.

నేరం జరక్కుండా ముందే అరెస్టు చేసే అధికారం పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, అదే సీఆర్‌పీసీ, సెక్షన్ 151లో ఉండేది; ఇప్పుడది దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 170. ఇంట్లో పెట్టి తాళం వెయ్యమని అందులో ఎక్కడా లేదు. నిజంగా అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలి. గేటు దగ్గర కాపలా పెట్టి సాయంత్రం వెళ్లిపోతే ఆ బాదరబందీ ఉండదు కదా!

డెస్కు మనిషి:
సెక్షన్ లేదని చెప్పి ఆయన ఇంట్లో హాయిగా ఉన్నాడని రాయమంటారా సార్? అడుగు బయట పెట్టనివ్వకపోతే అది నిర్బంధమే. జనానికి తెలిసిన మాటే మేం రాస్తాం.

గుంటూరు ప్లీడరు:
నిర్బంధమే, కాదనట్లేదు. కానీ “అరెస్టు” అనగానే వెనకాల ఏదో కాగితం ఉందనుకుంటారు జనం. కాగితం ఉన్న హౌస్ అరెస్టు వేరు. 2018 ఆగస్టులో భీమా కోరేగావ్ కేసులో వరవరరావు సహా ఐదుగురు కార్యకర్తల్ని ఇళ్లలోనే ఉంచమన్నది సుప్రీంకోర్టు. 2021లో వాళ్లలో ఒకరైన గౌతమ్ నవలఖా కేసులో, సీఆర్‌పీసీ రిమాండు సెక్షన్ 167 కింద కోర్టులు హౌస్ అరెస్టుకి ఆదేశించొచ్చని కూడా చెప్పింది. ఆదేశించాల్సింది కోర్టు, ఎస్సై కాదు.

పటమట కుర్రాడు:
అంటే సరదాకి వాడింది మా ఆంటీ కాదు, పోలీసులన్నమాట 😀

డెస్కు మనిషి:
సరే, రేపు “అక్రమ నిర్బంధం” అని హెడ్డింగ్ పెడతాను. నోటీసొస్తే ప్లీడరు గారు ఫీజు లేకుండా వాదిస్తారా?