చరిత్ర మనుషుల మీద మంచి సిరీస్‌లు చెప్పండి

కావలి అబ్బాయి: అన్నా, మా పాప తొమ్మిదో తరగతి, సోషల్ పుస్తకం తీస్తేనే నిద్రొస్తా ఉందంట. నటులతో తీసిన చరిత్ర సిరీస్‌లు ఏమన్నా ఉంటే చెప్పండబ్బా, నగలు తప్ప ఇంకేం కనపడని రాజుల సీరియళ్ళు మాత్రం వద్దు.

ఒంగోలు మాస్టారు: భారత్ ఏక్ ఖోజ్ పెట్టండి. 1988లో దూరదర్శన్‌లో వచ్చింది, శ్యామ్ బెనెగల్ తీసిందే, 53 ఎపిసోడ్లు. నెహ్రూ వేషంలో రోషన్ సేథ్ కథ చెప్తా ఉంటాడు, ఔరంగజేబుగా ఓం పురి, శివాజీగా నసీరుద్దీన్ షా, వాళ్ళిద్దరి కోసమన్నా చూడాల. సెట్టింగులు నాటకాల టైపులో ఉంటాయిలే, ఈ కాలం పిల్లలు నవ్వినా నవ్వుతారు.

నెల్లూరోడు: అంత పొడుగు పాప చూడదు సార్. మన రాజ్యాంగం ఎట్లా రాసినారో చూపించే సంవిధాన్ అయితే పదే ఎపిసోడ్లు, 2014లో రాజ్యసభ టీవీలో వచ్చింది, అదీ బెనెగల్‌దే. అంబేద్కర్‌గా సచిన్ ఖేడేకర్ చేసినాడు. సివిక్స్‌కి కూడా పనికొస్తాది.

కందుకూరు: సైమన్ కమిషన్ అప్పుడు మద్రాసులో తుపాకీలకి రొమ్ము చూపించిన ప్రకాశం పంతులు, 1952లో 58 రోజులు దీక్ష చేసి ప్రాణం వదిలిన పొట్టి శ్రీరాములు, వీళ్ళ మీద ఆ రేంజిలో తీస్తే మాత్రం పని మానుకోని చూస్తా.

కావలి అబ్బాయి: ఈ ఆదివారం సంవిధాన్‌తో మొదలుపెడతాం సార్. హిందీ అర్థం కాకపోతే మళ్ళీ ఇక్కడికే వస్తా 😀