పై దవడలో ఎముక 4 మి.మీ.: గ్రాఫ్ట్‌తో పాటే ఇంప్లాంట్ వేయొచ్చా?

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు పేషెంట్, 54 ఏళ్లు. చిన్నప్పట్నుంచి ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లే, పళ్ల నిండా గోధుమరంగు చారలు (ఫ్లోరోసిస్). కుడి పై దవడపన్ను తీసేసి ఆరేళ్లు. సీబీసీటీలో (దవడ 3డీ స్కాన్) సైనస్ (పై దవడ మీదుండే గాలి గది) కింద ఎముక ఎత్తు 4 మి.మీ., వెడల్పు 7. షుగర్ కంట్రోల్‌లోనే ఉంది. బీడీ మానలేదు, అసలు తిప్పలు అక్కడే.

పక్క నుంచి కిటికీ తెరిచి, సైనస్ పొర లేపి, బోవైన్ గ్రాఫ్ట్ (ఆవు ఎముక నుంచి చేసిన గుళికలు) నింపి, పైన కొల్లాజెన్ మెంబ్రేన్ అనే పలుచటి షీట్ కప్పాలని ప్లాన్. సైనస్ పొర చిరిగితే గుళికలు సైనస్‌లోకి జారి చీము పట్టొచ్చు. ఇంప్లాంట్ అప్పుడే బిగువుగా కూర్చోకపోతే 6-8 నెలలు ఆగడమే నయం.

ఫ్లోరోసిస్ ఉన్నోళ్ల ఎముక గట్టిగా తగిలితే డ్రిల్ వేడెక్కుతుంది. 47 డిగ్రీలు ఒక్క నిమిషం దాటితే ఎముక చచ్చిపోతుంది. నల్లగొండ కేసులు చేసినోళ్లు చెప్పండన్నా: డ్రిల్ స్పీడ్ ఎంత పెట్టారు, గ్రాఫ్ట్ తర్వాత ఎన్ని నెలలు ఆగారు?