టెలోమరేజ్ ఉండగా కణాలు విభజన ఎందుకు మానేస్తాయి?

ప్రశ్న (బీఎస్సీ విద్యార్థిని):
క్రోమోజోముల కొసలైన టెలోమియర్లను టెలోమరేజ్ అనే ఎంజైమ్ నిలబెడుతుందని చదివాను. అయితే ప్రయోగశాలలో పెంచిన మామూలు మానవ కణాలు దాదాపు 40 నుంచి 60 సార్లు విభజన చెంది ఆగిపోతాయని అమెరికా జీవశాస్త్రవేత్త హేఫ్లిక్ 1961లోనే చూపారు. ఎంజైమ్ ఉండగా ఈ హద్దు ఎందుకు? దాన్ని పెంచుతాయంటూ అమ్మే మాత్రలు ముసలితనాన్ని వాయిదా వేయగలవా?

మొదటి జవాబు:
జన్యువు ఉండటం వేరు, అది పనిచేయడం వేరు. టెలోమరేజ్‌లోని ప్రధాన ప్రొటీన్ అయిన టెర్ట్ జన్యువు అన్ని కణాల్లోనూ ఉన్నప్పటికీ, మన దేహకణాల్లో అధిక భాగం దాన్ని అణచి ఉంచుతాయి. బీజకణాల్లోనూ, కొంతమేరకు మూలకణాల్లోనూ మాత్రమే అది పనిచేస్తుంది. డీఎన్‌ఏకు నకలు తీసే ఎంజైమ్ అయిన డీఎన్‌ఏ పాలిమరేజ్, ప్రైమర్ అనే చిన్న ఆరంభ ముక్క లేనిదే పని మొదలుపెట్టలేదు కనుక, చిట్టచివరి ప్రైమర్ తొలగిపోయిన చోటు పూడక, ప్రతి విభజనలోనూ కొస సుమారు 50 నుంచి 200 బేస్ జతల మేర తరుగుతుంది. టెలోమరేజ్ తనలోనే ఉన్న ఆర్‌ఎన్‌ఏ మూసను అనుసరించి, మనుషుల్లోనైతే టీటీఏజీజీజీ అనే వరుసను మళ్లీమళ్లీ చేరుస్తూ ఆ లోటును తీరుస్తుంది. కరోల్ గ్రైడర్, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ 1984లో దీన్ని కనుగొన్నది చెరువు నీటిలో బతికే టెట్రాహైమీనా అనే ఏకకణ జీవిలో. దాని పెద్ద కేంద్రకంలో చిన్న చిన్న క్రోమోజోములు వేలల్లో ఉంటాయి కనుక కొసలకు కొదవ లేదు. నా దృష్టిలో సగం విజయం ఆ ఎంపికలోనే ఉంది. జాక్ షోస్టాక్‌తో కలిపి వారికి 2009లో నోబెల్ లభించింది.

రెండవ జవాబు:
మాత్రల విషయం నేను చెబుతాను. 1998లో మామూలు మానవ కణాల్లో టెర్ట్‌ను పనిచేయించినప్పుడు అవి ఆ హద్దును దాటి విభజన చెందిన మాట నిజమే. వ్యాపార ప్రకటనలు అక్కడితో ఆగిపోతాయి. కేన్సర్లలో 85 నుంచి 90 శాతం ఈ ఎంజైమ్‌ను తిరిగి మేల్కొలిపే నిరంతరంగా పెరుగుతాయన్నది వాటిలో కనిపించదు. పైగా, ప్రయోగశాల ఎలుకల టెలోమియర్లు మనవాటికంటే ఎంతో పొడవైనవి, వాటి కణజాలాల్లో అనేకం టెలోమరేజ్‌ను వాడుకుంటాయి. అయినా అవి బతికేది రెండు మూడేళ్లే.

ప్రశ్న అడిగినవారు:
అయితే ఈ ఎంజైమ్ ఎంత తక్కువగా ఉంటే అంత మేలని అనుకోవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
అనుకోకూడదండీ. దానికి సంబంధించిన జన్యువుల్లో లోపంతో పుట్టినవారికి డిస్కెరటోసిస్ కంజెనిటా అనే వ్యాధి రావచ్చు. అందులో ఎముక మజ్జ రక్తకణాలను తగినన్ని తయారుచేయలేకపోతుంది, కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడతాయి. ఇక మందుల సంగతికి వస్తే, 2024లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ అనే ఎముక మజ్జ వ్యాధి ఉన్న కొందరు రోగులకు అనుమతించిన ఇమెటెల్‌స్టాట్ టెలోమరేజ్‌ను అడ్డుకునే మందు. అది పైన చెప్పిన ఆర్‌ఎన్‌ఏ మూసకే అతుక్కుని ఎంజైమ్ పనిని ఆపుతుంది.