అపాలజీ 4వ అధికరణ: క్వార్టో, ఆక్టావో పేరా సంఖ్యలు పొసగడం లేదు

లూథరన్ల ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణానికి సంస్కర్త మెలాంక్తన్ రాసిన సమర్థన గ్రంథం, అపాలజీ, మీద తెలుగులో అధ్యయన పట్టిక తయారవుతోంది. వేర్వేరు ముద్రణల పేరా సంఖ్యలను అందులో జత కలపాలి. చిక్కంతా నీతిమంతులుగా తీర్చబడటం గురించిన 4వ అధికరణలోనే. మిగతా అధికరణలు దాదాపు సరిపోయాయి.

1921 ట్రైగ్లొట్టాలో (లాటిన్, జర్మన్, ఆంగ్ల పాఠాలు కలిపి ఇచ్చిన సంకలనం) ఈ అధికరణ మధ్యలో తెగి, "ప్రేమ, ధర్మశాస్త్ర నెరవేర్పు" అనే శీర్షిక కింద మళ్లీ 1 నుంచి సంఖ్యలు మొదలవుతాయి. 1959 ఆంగ్ల అనువాదంలో అదే భాగం 122 నుంచి 400 వరకు వరుసగా నడుస్తుంది. 121 కలిపితే చాలు: ట్రైగ్లొట్టా 131 అక్కడ 252, 184 అక్కడ 305. రెండూ 1531 వసంతంలో అచ్చయిన క్వార్టో (పెద్ద పరిమాణపు తొలి ముద్రణ) పాఠం మీద ఆధారపడినవే కాబట్టి ఈ లెక్క తప్పదు.

2000 నాటి ఆంగ్ల అనువాదం దగ్గరే ఆగిపోయాను. దాని మూలం సెప్టెంబర్ 1531 ఆక్టావో (చిన్న పరిమాణపు సవరించిన ముద్రణ). అప్పటికి మెలాంక్తన్ ఈ అధికరణను బాగా తిరగరాశారు. కొన్ని భాగాలు తీసేశారు, కొన్ని కొత్తగా చేర్చారు. 121 కలిపే లెక్క ఇక్కడ పనిచేయదు. బైబిలు వచనాల ఆధారంగా జత కలిపి చూశాను. ఒకే వచనం పలుచోట్ల రావడంతో తప్పు జతలు పడ్డాయి. మెలాంక్తన్ సహచరుడు యూస్టస్ యోనాస్ చేసిన జర్మన్ పాఠమూ ఆదుకోలేదు, అది స్వేచ్ఛానువాదం.

లూథరన్ విశ్వాస ప్రమాణాల 1584 లాటిన్ సంకలనం తీసుకున్నది క్వార్టోనే కనుక దాన్నే ఆధారంగా ఉంచాలనుకుంటున్నాను. అలాంటప్పుడు ఆక్టావోలో మాత్రమే ఉన్న భాగాలను పట్టికలో ఏ సంఖ్యతో సూచించాలి?